డెమో మొదలయ్యే ముందు పది సెకన్లు

మొన్న శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి మా బాబాయి కొడుకు ఒక వీడియో లింక్ పంపాడు. కింద ఒకటే వాక్యం: "అన్నయ్యా, ఇది తీసుకుందామనుకుంటున్నా, ఒక్కసారి విని చెప్పు." అమెరికాలో ఓ చిన్న కంపెనీ చేత్తో కట్టే ట్యూబ్ ఆంప్ అది, అంటే పాతకాలం రేడియోల్లో ఉండేలాంటి గాజు ట్యూబులతో ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్‌ని పెంచే పెట్టె. ఆంప్ ధర, షిప్పింగ్, కస్టమ్స్, మన 230 వోల్టుల కరెంటుని 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ కలిపితే వాడికి దాదాపు మూడు నెలల జీతం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పదకొండు నిమిషాలూ విన్నాను. ఎంత బాగుందంటే నాకూ కొనాలనిపించింది. అక్కడే ఆగాను. ఆరేళ్ళ కిందట కూడా అచ్చం ఇలాగే అనిపించి ఒకటి కొన్నాను మరి.

వాడితో గంటసేపు ఫోన్‌లో మాట్లాడినా చెప్పాలనుకున్నది సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇది రాస్తున్నాను. నేను అనేది ఒక్కటే. గొప్పగా వాయించేవాళ్ళు ఆంప్ ఎలా ఉంటుందో వాయించి చూపించే వీడియోలు, అంటే డెమోలు, చూసి రెండు ఆంప్‌ల మధ్య తేడా తేల్చుకోలేం. వాళ్ళు మనల్ని మోసం చేస్తారని కాదు. కంపెనీ దగ్గర డబ్బులు తీసుకున్నారనీ కాదు, తీసుకుంటే ఈమధ్య చాలామంది ముందే చెప్పేస్తున్నారు కూడా. ఒక్క పైసా తీసుకోకుండా, పూర్తి నిజాయితీతో చేసినా ఇదే జరుగుతుంది. బాగా వాయించడం అంటేనే ఆంప్‌లో ఉన్న లోపాన్ని వినేవాడికి తెలియనివ్వకపోవడం.

అరచేతిలో రాసుకున్న సెట్టింగ్

గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా కాలేజీ ఆడిటోరియంలో ఒక పాత గిటార్ ఆంప్ ఉండేది. ముందు గుడ్డ ఒక మూల చిరిగిపోయి, ట్రెబుల్ నాబ్ మీది టోపీ ఊడిపోయి, లోపలి ఇనప పుల్ల మాత్రం మిగిలింది. దాన్ని తిప్పాలంటే రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోవాలి. దాంట్లోంచి ఏం వాయించినా రేకు డబ్బా మీద గోరుతో గీకినట్టు వచ్చేది. మా బ్యాండ్ బాగా రాకపోవడానికి కారణం ఆ ఆంపే అని మేమందరం మనస్ఫూర్తిగా నమ్మాం.

ఫెస్ట్‌కి బాపట్ల నుంచి ఒకాయన వచ్చాడు. చర్చిలో వాయిస్తాడని చెప్పారు. కోస్తాలో చర్చిల చుట్టూ ఎంతమంది మంచి గిటారిస్టులు తయారవుతారో అక్కడ పెరిగినవాళ్ళకి తెలుసు, ప్రతి ఆదివారం జనం ముందు, ఏ సౌండ్ సిస్టం ఉంటే దాంట్లోంచే వాయించాల్సిందే కదా. ఆయన మా గిటారే తీసుకుని, జాక్ గుచ్చి, ఒక్క కార్డ్ వాయించాడు. మొహంలో ఏ మార్పూ లేదు. వంగి ఆ ఇనప పుల్ల పట్టుకుని ట్రెబుల్ తగ్గించాడు, మిడిల్ పెంచాడు. ఇంకో కార్డ్. గిటార్ మీద టోన్ నాబ్ కొంచెం వెనక్కి. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) పట్టిన చెయ్యి, తీగలు బిగించి ఉండే బ్రిడ్జి దగ్గర నుంచి గిటార్ మెడ వైపు రెండు అంగుళాలు జరిగింది. ఆ తర్వాత వాయించింది విని వెనక వరసల్లో అల్లరి చేస్తున్నవాళ్ళు కూడా ఊరుకున్నారు.

ఆయన దిగిపోగానే నేను స్టేజీ ఎక్కి బాల్‌పెన్‌తో అరచేతిలో రాసుకున్నాను: బాస్ 4, మిడిల్ 8, ట్రెబుల్ 2. మర్నాడు అదే గిటార్, అదే ఆంప్, అవే అంకెలు. వచ్చింది మా పాత రేకుడబ్బా సౌండే, కాకపోతే దాని మీద దుప్పటి కప్పినట్టుంది. చెమటకి అంకెలు చెరిగిపోయి తప్పు చదువుకున్నానేమో అనుకున్నాను. ఆయన చేసిన నాలుగు పనుల్లో అంకెలున్నవి మాత్రమే నేను రాసుకున్నానని అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చెయ్యి విని కట్టిన పెట్టె

కొద్దిమంది చేత్తో కొన్నే కట్టే బొటీక్ ఆంప్‌ల మాట వస్తే అందరూ ముందు చెప్పే పేరు డంబుల్. కాలిఫోర్నియాలో అలెగ్జాండర్ డంబుల్ ఒక్కడే కూర్చుని జీవితకాలంలో కట్టినవి మొత్తం మూడు వందలకు అటూఇటూ ఉంటాయంటారు. 2022లో ఆయన పోయాక అవి చాలా పెద్ద ధరలకి అమ్ముడుపోతున్నాయి. లోపల సర్క్యూట్ ఎవరూ చూడకుండా దాని మీద ఎపాక్సీ జిగురు పోసేవాడు. అందరూ ఆ జిగురు కిందున్న రహస్యం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి కనిపిస్తుంది. డంబుల్ ఎవరికైనా ఆంప్ కట్టాలంటే ముందు ఆ మనిషి వాయించేది వినేవాడు. ఎంత గట్టిగా మీటుతాడు, ఎక్కడ మీటుతాడు, ఏ గిటార్ వాడతాడు అన్నీ గమనించి, దానికి తగ్గట్టు మార్పులు చేసేవాడు. అందుకే ఒకే పేరున్న రెండు డంబుల్‌లు ఒకేలా ఉండవు.

అమెరికన్ గిటారిస్ట్ రాబెన్ ఫోర్డ్ సంగతి చూడండి. డంబుల్ కట్టిన ఆంప్‌లలో పేరుమోసిన ఓవర్‌డ్రైవ్ స్పెషల్ అంటే లోకానికి గుర్తొచ్చే సౌండ్ ఆయనదే. ఆ సౌండ్ కోసం ఎన్నో కంపెనీలు నకళ్ళు కట్టాయి, కడుతున్నాయి, మనం కొంటున్నాం. అయితే ఫోర్డే ఇంటర్వ్యూలలో చెప్పిన మాట ఒకటుంది: తాను కుర్రవాడిగా ఫెండర్ అనే పెద్ద కంపెనీ ఆంప్‌లోంచి వాయిస్తుంటే డంబుల్ విన్నాడట, ఆ విన్న సౌండే ఓవర్‌డ్రైవ్ స్పెషల్‌కి మూలమని తర్వాత డంబులే ఆయనతో అన్నాడట. అంటే ఆ చెయ్యి ముందు, ఆంప్ తర్వాత. ఒక చేతిలో ఉన్నదాన్ని ఇంకొకాయన పెట్టెలోకి ఎక్కిస్తే, ఇప్పుడు మనం ఆ పెట్టె కొనుక్కుని అందులోంచి ఆ చెయ్యి బయటికొస్తుందని ఎదురుచూస్తున్నాం. ఆ ఫోర్డే డంబుల్ తీసుకెళ్ళలేని ఊళ్ళకి పోతే అద్దె ఫెండర్ ముందు జెన్‌డ్రైవ్ అనే పెడల్, అంటే కాలితో నొక్కితే సౌండ్ మార్చే చిన్న పెట్టె, పెట్టుకుని వాయించేవాడు. ఆ రికార్డింగులు వినండి. మొదటి వాక్యంలోనే ఫోర్డ్ అని తెలిసిపోతుంది.

ఇదేదో మనకి తెలియని విషయం కూడా కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పాశ్చాత్య వాయిద్యాన్ని తీసుకుని, జంట తీగలు వద్దని ఐదు ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. ఆ మాండొలిన్ కొనుక్కుంటే ఆ గమకం వస్తుందని మన ఇళ్ళల్లో చిన్నపిల్లలు కూడా అనుకోరు. గిటార్ ఆంప్ దగ్గరికొచ్చేసరికి, అందులోనూ దాని వెనక ట్యూబులు ఎర్రగా వెలుగుతూ కనిపిస్తుంటే, ఆ మాట మర్చిపోతాం.

ఇప్పటి డెమోలలోనూ ఇదే మెలిక. యూట్యూబ్‌లో డెమోలు చేసే గిటారిస్ట్ పీట్ థార్న్ వీడియోలు నాకు చాలా ఇష్టం. రాక్ గాయకుడు క్రిస్ కార్నెల్‌తో వాయించిన మనిషి, ఒక ఆంప్ చూపించమంటే దానికోసం పూర్తి పాటలాంటిదే కట్టి, పొరలు పొరలుగా రికార్డ్ చేస్తాడు. సుర్ కంపెనీ ఆయన పేరుతోనే పీటీ-100 అని ఆంప్ తెచ్చింది. అందులో తప్పేం లేదు, డంబుల్ చేసింది కూడా అదే కదా, ఆ చెయ్యికి తగ్గ పెట్టె. కాకపోతే ఆ పెట్టెలోంచి ఆయన వాయిస్తుంటే విని, ఇది నాకెలా ఉంటుందో తెలుసుకోవాలంటే కుదరదు. ఇంకో గిటారిస్ట్ గ్రెగ్ కాక్ అయితే కొలరాడోలో వైల్డ్‌వుడ్ అనే గిటార్ల షాపు కోసం ఎన్ని వందల గిటార్లు, ఆంప్‌లు చూపించాడో లెక్కలేదు, ఏది చేతికిచ్చినా రెండో నిమిషానికల్లా గ్రెగ్ కాకే వినిపిస్తాడు. అది ఆయన గొప్పతనం, కొనేవాడి ఇబ్బందీ అదే.

సౌండ్ ఆపి చూస్తే

ఆరేళ్ళ కిందట నేను కొన్నది 18 వాట్ల ఆంప్, రెండు ఈఎల్84 ట్యూబులు, పాత మార్షల్ చిన్న ఆంప్‌ల తరహా సర్క్యూట్. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఆంప్‌లో తప్పేమీ లేదు. ఒకే మనిషి మూడు ఆంప్‌లు పక్కపక్కన పెట్టి పోల్చిన వీడియో చూసి దాన్ని ఎంచుకున్నాను. మూడింట్లోనూ అదే తియ్యగా, మెత్తగా వినిపించింది. ఇంటికి తెచ్చి వాయిస్తే పైతీగలు గుచ్చుకుంటున్నాయి, మూడో ఫ్రెట్ పైన ఏ నోట్ మీటినా చెవిలో సూది పెట్టినట్టుంది. స్పీకర్ మార్చాను. ట్యూబులు మార్చాను. ట్యూబుల కోసం నేను చదివినన్ని రాతలు నా ఉద్యోగం కోసం కూడా చదవలేదు.

ఒకరోజు రాత్రి పిల్ల పడుకుందని సౌండ్ తీసేసి ఆ వీడియో మళ్ళీ పెట్టాను, ఊరికే చూద్దామని. సౌండ్ లేకపోయేసరికి కళ్ళు చేతి మీద పడ్డాయి. మొదటి ఆంప్ దగ్గర ఆయన పిక్ బ్రిడ్జికి దగ్గరగా ఉంది, మణికట్టు బిగువుగా కదులుతోంది. నాకు నచ్చిన ఆంప్ దగ్గరికి రాగానే పిక్ దాదాపు మెడ దాకా వచ్చేసింది. సోలో మధ్యలో పిక్‌ని చూపుడువేలు మడతలో దాచేసి వేళ్ళతో మీటాడు. గిటార్ వాల్యూమ్ నాబ్ మీద చిటికెన వేలు కదులుతూనే ఉంది, నోటు లేవగానే కాస్త తగ్గిస్తూ, ఆగగానే పెంచుతూ. మొదటి ఆంప్ దగ్గర ఆ చిటికెన వేలు ఒక్కసారి కూడా కదల్లేదు. అంటే ఈ ఆంప్‌కి పైస్థాయిలో గుచ్చుకునే గుణం ఉందని ఆయన చెయ్యి కనిపెట్టింది, మనకి వినపడే లోపే సరిదిద్దేసింది. ఆయన్ని అడిగితే నేనేం మార్చలేదు, మూడింట్లోనూ ఒకేలా వాయించాను అనే అంటాడు. అబద్ధం కాదు. పాతికేళ్ళు వాయించిన చెయ్యి మనసుని అడగదు.

అప్పటినుంచి ఏ డెమో అయినా ముందు సౌండ్ లేకుండా చూస్తున్నాను. ఇంకో సంగతి కూడా గమనించాను. జాక్ గుచ్చాక మొదటి కార్డ్ వాయించి, నాబ్ వైపు చెయ్యి చాపేదాకా ఒక పది సెకన్లు ఉంటాయి. వీడియో మొత్తంలో ఆంప్ తన గొంతుతో మాట్లాడేది ఆ పది సెకన్లే. ఆ తర్వాత చెయ్యి దాన్ని లొంగదీసుకుంటుంది. సరిగ్గా ఆ పది సెకన్లనే ఎడిటింగ్‌లో కోసేస్తారు, బాగుండదని. ఎవరైనా కోయకుండా వదిలితే, ఆయన చెయ్యి ఏ నాబ్ వైపు వెళ్ళిందో చూడండి చాలు. ట్రెబుల్ తగ్గించాడా, బాస్ తగ్గించాడా, ఏమీ ముట్టుకోలేదా. ఆ తర్వాతి పది నిమిషాల సోలో కంటే అదే ఎక్కువ చెప్తుంది.

వాల్యూమ్ గురించి రెండు ముక్కలు. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ చూపించారు, సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బాస్ ముందు పోతుంది. డెమోలో ఆ ఆంప్ సగం పైన తిప్పి, స్పీకర్ ముందు ఎస్ఎమ్57 మైక్ పెట్టి ఉంటుంది, ఆ మైక్ అర అంగుళం పక్కకి జరిపితే ట్రెబుల్ మారిపోతుంది. మా ఇంట్లో అదే ఆంప్ వాల్యూమ్ నాబ్ రెండు దగ్గర ఉంచి నడుస్తుంది. ఇవన్నీ అందరూ చెప్పేవే, నిజాలే, ఇక్కడితో వదిలేస్తాను.

మరి ఒకే వాయింపుని అన్నిట్లోంచి పంపితే?

దీనికి ఎవరైనా చెప్పే జవాబు, మా తమ్ముడు కూడా ఫోన్‌లో ఇదే అన్నాడు: "అయితే చెయ్యిని తీసేద్దాం అన్నయ్యా. గిటార్‌ని నేరుగా ఒకసారి రికార్డ్ చేసి, అదే రికార్డింగ్‌ని పది ఆంప్‌లలోంచి పంపితే సరి." వాడిది గట్టి వాదనే. నాష్‌విల్‌లో జిమ్ లిల్ అనే గిటారిస్ట్ ఈ దారిలోనే ఓపిగ్గా పరీక్షలు చేశాడు. రెండు బల్లల మధ్య తీగలు బిగించి, మధ్యలో గిటార్ చెక్కే లేకుండా, తన టెలికాస్టర్ గిటార్‌కి దాదాపు అదే సౌండ్ వస్తుందని వినిపించాడు. ఆంప్‌ల మీద, స్పీకర్ డబ్బాల మీద చేసిన పరీక్షల్లో, మనం ప్రాణంగా భావించే చాలా భాగాలకంటే స్పీకర్ డబ్బా, మైక్ ఎక్కడ పెట్టామన్నది ఎక్కువ తేడా తెస్తాయని చూపించాడు. చేత్తో వైరింగ్ చేసిందా, మెషీన్‌తో చేసిందా అన్నది సౌండ్ కోసం పట్టించుకోవడం నేను అది చూశాకే మానేశాను. చేత్తో కట్టినదాన్ని రిపేర్ చేయడం తేలిక, ఆ కారణానికి ఇప్పటికీ గౌరవిస్తాను.

అయినా ఈ పద్ధతితో నాకు పూర్తిగా సమాధానం దొరకలేదు. ఎందుకంటే ఆ రికార్డింగ్ చేస్తున్నప్పుడు వాయించేవాడు ఏదో ఒక ఆంప్‌ని వింటూనే వాయించాడు. అతని చెయ్యి ఆ ఆంప్‌కి తగ్గట్టు కదిలింది. దాన్ని తీసుకెళ్ళి ఇంకో ఆంప్‌లో పోస్తే, ఒకరితో మాట్లాడిన మాటల్ని ఇంకొకరికి వినిపించి వాళ్ళ జవాబు చూడటం లాంటిది. మంచి ట్యూబ్ ఆంప్‌లో ఉన్నది ముఖ్యంగా ఆ జవాబే. ట్యూబ్ రెక్టిఫయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చే ట్యూబ్) ఉన్న ఆంప్‌ని గట్టిగా మీటితే లోపల వోల్టేజ్ ఒక్క క్షణం కుంగి, మళ్ళీ లేస్తుంది. వినేవాడికి అది కొంచెం మెత్తదనం, అంతే. వాయించేవాడికి మాత్రం పిక్ కింద స్ప్రింగ్ ఉన్నట్టుంటుంది, దాన్ని నమ్ముకుని తర్వాతి నోటు కాస్త ఆలస్యంగా మీటుతాడు. న్యూజెర్సీలో కెన్ ఫిషర్ కట్టిన ట్రెయిన్‌రెక్ ఆంప్‌ల గురించి, ఆయన వాటికి సీరియల్ నంబర్ల బదులు ఆడవాళ్ళ పేర్లు పెట్టేవాడు, వాయించినవాళ్ళందరూ చెప్పేది ఇదే: గిటార్ వాల్యూమ్ కొంచెం తిప్పితే ఆంప్ మొత్తం స్వభావం మారుతుందని. ఆ తిప్పే వేలు లేకుండా చేసే పరీక్షలో ఆ ఆంప్ సగమే హాజరవుతుంది.

నా లెక్కలో సరైన పరీక్ష వయొలిన్ వాళ్ళు చేశారు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో వయొలిన్ పోటీల సమయంలో 21 మంది వయొలినిస్టులని మసక వెలుతురు గదిలోకి పిలిచి, కళ్ళకి నల్లటి గాగుల్స్ పెట్టి, పాత చెక్క వాసన తెలియకుండా గడ్డం ఆనించేచోట సెంటు రాసి, ఆరు వయొలిన్లు చేతికిచ్చారు. మూడు కొత్తవి, మిగతా మూడు ఇటలీలో పాతకాలపు పేరుమోసిన పనివాళ్ళు చేసినవి: రెండు స్ట్రాడివారి, ఒకటి గ్వార్నెరి. మీరు ఇంటికి ఏది పట్టుకెళ్తారని అడిగితే 13 మంది కొత్తవాటినే ఎంచుకున్నారు. అందరూ కొత్తవి గెలిచాయన్న విషయమే చెప్పుకుంటారు. నాకు నచ్చింది ప్రశ్న. ఏది బాగా వినిపించింది అని పక్కవాణ్ణి కూర్చోబెట్టి అడగలేదు. నీ చేత్తో వాయించి చూడు, ఏది పట్టుకెళ్తావు అని వాయించేవాణ్ణే అడిగారు.

ఒక అనుమానం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అంతా చేతిలోనే ఉంటే ఆంప్‌కి ఎందుకింత డబ్బు, ఏదో ఒకటి కొనుక్కుని సాధన చేసుకోవచ్చుగా? చాలామంది పెద్దలు ఈ మాట చెప్పి ముగించేస్తారు. నేను ఒప్పుకోను. ఆ 18 వాట్ల ఆంప్ గుచ్చుకుంటోందని తిట్టుకుంటూనే దాదాపు ఏడాది వాయించాను. ఇంతకుముందు రెండు వారాలకోసారి పైతీగ తెగేది, కేసులో ఎప్పుడూ విడి తీగలు ఉంచుకునేవాణ్ణి. ఒకరోజు కేసు సర్దుతుంటే ఆ తీగల కవర్లు అలాగే ఉన్నాయి, నాలుగు నెలల్లో ఒక్కటీ తెగలేదు. ఆ ఆంప్ నా కుడిచేతిని మెత్తబరిచింది. గట్టిగా మీటితే గుచ్చేది, మెల్లిగా మీటితే పాడేది, ఏ గురువూ అంత ఓపిగ్గా చెప్పి ఉండడు. కాబట్టి ఆంప్‌లో ఉంది, చాలా ఉంది. కాకపోతే అది మన చెయ్యిని మార్చడానికి నెలలు పడుతుంది, డెమో చేసేవాడి చెయ్యి మాత్రం ఆంప్‌ని పది సెకన్లలో మార్చేస్తుంది. పదకొండు నిమిషాల వీడియోలో కనిపించేది ఆ రెండోదే.

డెమోలు చేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఉండకూడదు కూడా. గిటార్ వాల్యూమ్‌తో ఇంత చేయొచ్చని నేను నేర్చుకుంది వాళ్ళ దగ్గరే. పాఠంగా చూస్తే బంగారం, బేరానికి వెళ్ళేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి. ఆ ఆంప్ కొనుక్కున్న మామూలు మనుషులు బెడ్‌రూమ్‌లో ఫోన్ పెట్టి తీసిన వీడియోలు, మూడొందల మంది కూడా చూడనివి, నేను ఇప్పుడు ఎక్కువగా వెతికేది వాటినే. వాళ్ళ తప్పులు మన తప్పులే. ఆంప్ వాటిని దాస్తుందో, మైక్ పెట్టి చాటుతుందో అక్కడ తెలుస్తుంది.

వాడి కబురు

తమ్ముడికి నేను చెప్పింది చివరికి ఇంతే: హైదరాబాద్‌లో అలాంటి ఆంప్ ఉన్నవాణ్ణి ఎవరినైనా పట్టుకో, నీ గిటారే తీసుకెళ్ళు, నీకు రోజూ తప్పు పోయే పాటే వాయించు. వాడు నొచ్చుకున్నాడని గొంతులో తెలిసింది. వీడియో అంత బాగుంటే అన్నయ్య అడ్డుపుల్ల వేస్తున్నాడని అనుకుని ఉంటాడు.

నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది. సైనిక్‌పురిలో ఒకాయన దగ్గర అదే ఆంప్ ఉందట, పరిచయం లేకపోయినా రమ్మన్నాడట, టీ ఇచ్చి గంటన్నర వాయించుకోనిచ్చాడట. ఫోన్‌లో రికార్డ్ చేసి పంపాడు. వెనక ఫ్యాన్ తిరుగుతోంది, ఎక్కడో కుక్కర్ కూత వినిపిస్తోంది. రెండో బార్‌లోనే మా వాడు అని గుర్తుపట్టాను, చిన్నప్పటినుంచి ప్రతి కార్డ్ మార్పు ముందు ఒక చిన్న తడబాటు ఉంటుంది వాడికి. ఆంప్ ఏదో మాత్రం ఎంత విన్నా చెప్పలేకపోయాను. కింద వాడు ఇలా రాశాడు: "వీడియోలో లాగా అస్సలు రాలేదు అన్నయ్యా. కానీ బాస్ బాగా తగ్గించి, అరచేతిని బ్రిడ్జి మీద ఆనించకుండా వాయిస్తే కింది తీగలు మూడూ విడివిడిగా వినిపించాయి, నాకెప్పుడూ అలా వినిపించలేదు. ఆయన వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మన్నారు, ఈసారి ఇంట్లో ఉన్న నా ఆంప్ కూడా పట్టుకెళ్తా."